ఏడో నెల, సాయంత్రం అయితే చాలు తలనొప్పి.. టాబ్లెట్ వేసుకోవచ్చా?

సిరి_తెనాలి
28వ వారం నడుస్తోంది, మొదటి కాన్పు. పెళ్లికి ముందు నుంచీ నాకు పార్శ్వపు నొప్పి ఉంది, పీరియడ్స్ ముందు వచ్చి ఒక రోజంతా చీకటి గదిలో పడేసేది. కడుపుతో ఉన్నాక మొదటి మూడు నెలలు వాంతులతో పాటు అదీ వచ్చింది, నాలుగో నెల నుంచి ఆగిపోయింది, హమ్మయ్య అనుకున్నా. ఇప్పుడు వారం పైనుంచి మళ్లీ మొదలు. కానీ ఇది పాత నొప్పిలా ఒక పక్క రావట్లేదు, సాయంత్రం అయ్యేసరికి నుదురంతా, మాడంతా బరువుగా నొక్కేస్తోంది. అత్తయ్య గారు కడుపులో బిడ్డ ఉండగా ఏ మాత్రా మింగొద్దు అంటున్నారు, అమ్మేమో వేడి చేసింది మజ్జిగ తాగు అంటోంది, మా ఆయన మెడికల్ షాపులో అడిగితే ఆ అబ్బాయి కాంబిఫ్లామ్ ఇచ్చి పంపాడు, ఇంకా వేసుకోలేదు. ఇంట్లోంచే పని, రోజంతా లాప్‌టాప్ ముందే. తర్వాతి చెకప్‌కి ఇంకా రెండు వారాలుంది. అందరూ మామూలే అంటున్నారు. ఓర్చుకోవాలా, ఏమైనా వేసుకోవచ్చా?

వరంగల్_స్వప్న
కాంబిఫ్లామ్ మాత్రం వద్దు చెల్లీ!! అందుల పారాసిటమాల్ తోని ఇబుప్రొఫెన్ కూడా ఉంటది. నాకు మా మేడమ్ ఉత్త పారాసిటమాలే రాసింది, అదే డోలో, కాల్పాల్, క్రోసిన్ ఏదైనా.

బుజ్జిపండు_అమ్మ
నాకు ఐదో నెలలో ఇలాగే వచ్చేది, మధ్యాహ్నం సరిగా తినక. నాలుగింటికి ఏదో ఒకటి, గుప్పెడు పల్లీలో అరటిపండో తినడం మొదలుపెట్టాక తగ్గింది. నువ్వు మధ్యలో ఏమన్నా తింటున్నావా సిరీ?

చందు_నెల్లూరు
మా ఆవిడకి రాత్రి పూట అమృతాంజన్ రాసి కణతలు నొక్కేవాణ్ణి. తొమ్మిది నెలలూ అదే డ్యూటీ. ఇప్పుడు ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా నన్నే పిలుస్తున్నారు, మొన్న పక్కింటి అంకుల్ కూడా వచ్చి కూర్చున్నాడు

సిరి_తెనాలి
చందు గారూ మీ నంబర్ మా ఆయనకి ఇప్పించండి, ట్రైనింగ్ కావాలి 😀 బుజ్జిపండు అక్కా తింటున్నా, షుగర్ టెస్ట్ కూడా నార్మలే వచ్చింది.

మంజుల_స్టాఫ్‌నర్స్
అందరూ మందు గురించే చెబుతున్నారు, ఒక్కరూ బీపీ అడగలేదు. సిరీ, ఆఖరిసారి బీపీ ఎప్పుడు చూశారు, ఎంత ఉంది?

పదహారేళ్లుగా లేబర్ రూమ్‌లో పనిచేస్తున్నా కాబట్టి చెబుతున్నా. 20 వారాలు దాటాక కొత్తగా తలనొప్పి మొదలైనా, పాత నొప్పి తీరు మారినా ముందు చూడాల్సింది బీపీ. వేడి, గ్యాస్, లాప్‌టాప్, నిద్ర, ఇవన్నీ ఆ తర్వాత. నువ్వే రాశావు పాత నొప్పిలా లేదని, ఆ ఒక్క మాట చాలు రెండు వారాలు ఆగకుండా ఉండడానికి. పై నంబరు 140 గానీ కింది నంబరు 90 గానీ వస్తే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. 160 లేదా 110 వస్తే ఇక ఫోన్లూ చర్చలూ వద్దు, తిన్నగా ఆసుపత్రికే. బీపీతో పాటు యూరిన్‌లో ప్రోటీన్ పోతుంటే దాన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు, ముదిరి ఫిట్స్ వస్తే గుర్రపువాతం అని మన పెద్దవాళ్లు అనేది అదే. కళ్ల ముందు మెరుపులు, చుక్కలు, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి మొహం చేతులు ఉబ్బడం, వీటిలో ఏది ఉన్నా నంబరు కోసం కూడా ఆగొద్దు. కాళ్ల వాపు ఒక్కటే అయితే చాలామందికి ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

ఇక మాత్ర సంగతి. స్వప్న చెప్పింది కరెక్ట్. పారాసిటమాల్ 500 లేదా 650 ఒకటి వేసుకోవచ్చు, డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజు మొత్తం మీద 4 గ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. రెండు మూడు రోజులకి మించి కావాల్సి వస్తోందంటే మాత్ర కాదు, డాక్టర్ కావాలి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాల తర్వాత బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి, నెలలు నిండేకొద్దీ బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ 20 వారాల హెచ్చరిక ఇచ్చింది. సారిడాన్ వద్దు. వాసోగ్రెయిన్ అసలే వద్దు, అందులో ఎర్గోటమిన్ ఉంది, అది గర్భసంచిని బిగిస్తుంది. ఇంట్లో పార్శ్వపు నొప్పి వాళ్లుంటే పాత స్ట్రిప్పులు డబ్బాలో పడుంటాయి, అవి తీసి పక్కన పెట్టేయండి.

ఇంకోటి, కొంతమందికి బీపీ రాకుండా ఎకోస్ప్రిన్ (ఆస్ప్రిన్) 75 లేదా 150 రాస్తారు. ఇది చదివి అది కూడా నొప్పి మాత్రే అనుకుని మానేయొద్దు, అంత చిన్న డోసు వేరే లెక్క.

సిరి_తెనాలి
పోయిన నెల 124/80 అని కార్డులో రాసి ఉంది అక్కా. అప్పటి నుంచి చూడలేదు.

మంజుల_స్టాఫ్‌నర్స్
రేపు పొద్దున్నే చూపించుకో. చూసే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చో, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూస్తే ఎక్కువ వస్తుంది.

పద్మజ_రాజమండ్రి
నాకు ముగ్గురు పిల్లలు, ఇద్దరు కోడళ్లకి నేనే పురుడు పోశాను. తలనొప్పి అనగానే ఫిట్స్, ఐసీయూ అని రాస్తే కడుపుతో ఉన్న పిల్ల భయంతోనే సగం చచ్చిపోతుంది, ఆ భయానికే బీపీ పెరుగుతుంది. మేము శొంఠికొమ్ము సానరాయి మీద అరగదీసి నుదుటికి పట్టు వేసుకునేవాళ్లం, పడుకుంటే తగ్గిపోయేది. ప్రతిదానికీ ఆసుపత్రికి పరిగెత్తితే వాళ్లు టెస్టులు రాయడానికి రెడీగా ఉంటారు. జాగ్రత్త చెప్పండి, కానీ బెదిరించకండమ్మా.

వరంగల్_స్వప్న
ఆంటీ శొంఠి పట్టు మా అమ్మ కూడా వేస్తది, మంచిగనే ఉంటది, నేనొద్దంటలేను. బీపీ చూసుడుకు రెండు నిమిషాలు పడ్తది, చూసుకున్నంక పట్టు వేసుకోవచ్చు కదా.

మంజుల_స్టాఫ్‌నర్స్
పద్మజ గారూ, పట్టు వేసుకుంటే నాకూ అభ్యంతరం లేదు, చర్మం మండకుండా చూసుకుంటే చాలు. గర్భిణుల్లో తలనొప్పులు ఎక్కువ శాతం ప్రమాదం లేనివే, అదీ ఒప్పుకుంటా. కానీ ఏది ఏదో బయటికి చూసి చెప్పలేం కదండీ, నొప్పి ఒకేలా ఉంటుంది. బీపీ ఒక్కటి చూస్తే సగం భయం అక్కడే పోతుంది.

డల్లాస్_వదిన
ఒక డౌట్. ఇక్కడ 2025 సెప్టెంబర్‌లో ప్రెసిడెంటే టీవీలో చెప్పాడు గర్భంతో ఉన్నప్పుడు టైలెనాల్ వేసుకోవద్దు, ఆటిజం వస్తుందని. టైలెనాల్ అంటే పారాసిటమాలే కదా, ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు. మా ఆడపడుచు అప్పటి నుంచి 102 జ్వరంలో కూడా వేసుకోకుండా కూర్చుంది. మీరందరూ వేసుకోమంటున్నారు?

హైటెక్_హరిణి
వదినా నేను అప్పుడు ఏడో నెలలో ఉన్నా, ఆ వార్త చూసి రాత్రంతా నిద్రపోలేదు, అందుకే కూర్చుని చదివాను. స్వీడన్‌లో సుమారు 24 లక్షల మంది పిల్లల రికార్డులు చూశారు, 2024లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఊరికే పోల్చినప్పుడు చిన్న తేడా కనిపించింది, కానీ ఒకే తల్లి పిల్లల్లో, ఒక కాన్పులో మందు వాడి ఇంకో కాన్పులో వాడని వాళ్లని పోలిస్తే ఆ తేడా మాయమైంది. అంటే మందు వల్ల కాదు, ఆ కుటుంబంలో ముందే ఉన్న కారణాలు. అమెరికాలో గైనకాలజిస్టుల సంఘం కూడా ఆ ప్రకటన తర్వాత వెంటనే చెప్పింది, అవసరమైనప్పుడు వేసుకోవచ్చని. అసలు జ్వరాన్ని అలా వదిలేయడమే బిడ్డకి మంచిది కాదు. మీ ఆడపడుచుకి చెప్పండి ప్లీజ్.

డల్లాస్_వదిన
థాంక్యూ హరిణీ, ఇది ఆమెకి చదివి వినిపిస్తా. నేను చెబితే వినదు, పక్కవాళ్లు చెబితే వింటుంది

కాఫీ_లేకపోతే_కష్టం
సిరి కాఫీ మానేసిందేమో అని నా అనుమానం. నేను పాజిటివ్ రాగానే ఒక్కసారి మానేస్తే వారం రోజులు తల పగిలిపోయింది. తర్వాత డాక్టరమ్మ చెప్పింది రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు పర్లేదు, చిన్న కప్పులు రెండు తాగొచ్చని. ఐరన్ మాత్రకి దగ్గర్లో మాత్రం కాఫీ టీ తాగకూడదు, ఐరన్ ఒంటికి పట్టదు.

సిరి_తెనాలి
మానేసి నాలుగు నెలలు దాటింది, అది కారణం కాదనుకుంటా. కానీ రెండు కప్పులు అన్నారు కదా, ఆ మాట మా అత్తయ్యకి చూపించాలి!

కరీంనగర్_రమ్య
ఈ ముచ్చట డెలివరీకి ముందుది, నాది తర్వాతది, ఇక్కడనే అడగొచ్చా? నాకు సిజేరియన్ అయ్యి ఇయ్యాల్టికి నాలుగో రోజు. నిన్నటి సంది తల లేపితే చాలు వెనుక మెడ నుంచి నుదురు దాంక గుంజుతుంది, కూసోని పాలు ఇద్దామంటే కండ్లు తిరుగుతున్నయ్, చెవుల్ల హోరు. పండుకుంటే పది నిమిషాలల్ల మాయం. మా అత్తమ్మ చెవుల్ల దూది పెట్టుకోలే గాలి పోయిందంటుంది. పాప ఏడుస్తుంటే లేవలేకపోతున్న, నాకే ఏడుపొస్తుంది.

బుజ్జిపండు_అమ్మ
అయ్యో రమ్యా. నాకూ సరిగ్గా ఇదే వచ్చింది, వెన్నులో ఇచ్చే మత్తు వల్ల అన్నారు. పడుకునే పాలిచ్చేదాన్ని, పక్కకి తిరిగి. తగ్గుతుంది తల్లీ.

మత్తుడాక్టర్_కర్నూలు
రమ్యా, నువ్వు చెప్పింది చదివితే వెన్ను మత్తు తర్వాత వచ్చే తలనొప్పిలాగే ఉంది. కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ, అదే దాని గుర్తు. వెన్నుపాము చుట్టూ ఒక పొర, దాని లోపల నీరు ఉంటాయి. కుండకి సన్నటి చిల్లు పడినట్టు, సూది గుచ్చిన చోట ఆ నీరు కొద్దికొద్దిగా కారుతుంది, లేచి కూర్చున్నప్పుడు మెదడుకి ఆ నీటి ఆధారం తగ్గి నొప్పి లేస్తుంది. మామూలుగా ఐదు రోజుల లోపు మొదలవుతుంది, చాలామందికి వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. ఇప్పుడు మేం వాడే సూదులు సన్నం, 25, 27 నంబర్లవి, నంబరు పెరిగేకొద్దీ సన్నం అన్నమాట, మొన కూడా పెన్సిల్ మొనలా ఉండేవి వచ్చాయి, అందుకే మునుపటికంటే చాలా తక్కువమందికి వస్తోంది. నొప్పులు తెలియకుండా ఇచ్చే ఎపిడ్యూరల్‌లో సూది లావు, అది పొరపాటున ఆ పొరలోకి దిగితే మాత్రం సగం మందికి పైగా తలనొప్పి వస్తుంది.

ఈ జబ్బు మా శాస్త్రమంత పాతది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ వెన్ను మత్తు మొదలుపెట్టి, దాన్ని తన మీదే చేయించుకోబోయాడు, తర్వాత రోజుల తరబడి తలనొప్పి. పడుకుంటే తగ్గుతోందని ఆయనే రాసుకున్నాడు.

నువ్వు చేయాల్సింది: నీకు మత్తు ఇచ్చిన ఆసుపత్రికి ఫోన్ చేసి "కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ" అని ఈ మాటలతోనే చెప్పు. నీళ్లు బాగా తాగు, కాఫీ ఒకటి తాగొచ్చు, నొప్పి మాత్ర వేళ తప్పకుండా వేసుకో. నొప్పికి ఓర్చుకోలేక పడుకుంటే పడుకో గానీ నిఠారుగా పడుకుంటే జబ్బు త్వరగా మానుతుందనేది నిజం కాదు. బిడ్డని చూసుకోలేనంతగా ఉంటే బ్లడ్ ప్యాచ్ అని ఉంది, నీ చేతి నుంచే 15, 20 ఎంఎల్ రక్తం తీసి నడుము దగ్గర ఆ పొర బయట ఎక్కిస్తాం, అది గడ్డకట్టి చిల్లు మూస్తుంది. చాలామందికి గంటల్లోనే తేలిక అవుతుంది. అడగడానికి మొహమాటపడకు. ఇంకో మాట, జ్వరం వచ్చినా, పడుకున్నా తగ్గకుండా నొప్పి తీరు మారినా అది వేరే జబ్బు అనుకుని వెంటనే వెళ్లాలి. బీపీ కూడా చూపించుకో, మంజుల గారు అన్నట్టు.

రాయచోటి_రెడ్డెమ్మ
డాక్టర్ గారూ ఆ సూది వల్లనే జన్మంతా నడుం నొప్పి అంటారు మా ఊర్లో, నిజమేనా. నాకు ఇద్దరు ఆపరేషన్ పిల్లోల్లే, నడుం పట్టేస్తానే ఉంటాది

మత్తుడాక్టర్_కర్నూలు
సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది రెడ్డెమ్మ గారూ, అంతే. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి సూది కారణం కాదు. మామూలు కాన్పు అయిన వాళ్లకీ అదే నొప్పి ఉంటుంది, వంగి పిల్లల్ని ఎత్తడం, పొట్ట కండరాలు సాగిపోవడం, విశ్రాంతి లేకపోవడం.

హైటెక్_హరిణి
తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, అంటే ఇంతమందికి వెన్ను మత్తు ఇస్తున్నారు. కానీ నాకు డిశ్చార్జ్ అప్పుడు ఈ తలనొప్పి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, కుట్లు తడపకండి అని మాత్రం మూడుసార్లు చెప్పారు.

నాని_బాబాయ్
మగవాణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో. మా చెల్లి సంగతి చెప్పాలి. రెండో కాన్పు, నార్మల్, మూడో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. గర్భంతో ఉండగా బీపీ లేదు. ఆరో రోజు పొద్దున తల నొస్తోంది అంది. ఇంటినిండా చుట్టాలు, పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్లు పోయేవాళ్లు. అమ్మ సాంబ్రాణి పొగ వేసింది, పెద్దమ్మ తలకి గుడ్డ బిగించి కట్టింది. మధ్యాహ్నం కళ్ల ముందు ఏవో మిణుకుమంటున్నాయి అన్నా అని నాతో చెప్పింది, నిద్ర లేక అయ్యుంటుంది పడుకోమన్నాం అందరం. సాయంత్రం అయ్యేసరికి ఫిట్స్. 108 వచ్చేసరికి రెండోసారి. బండిలో చూస్తే 170/110. ఆసుపత్రిలో దిగగానే రెండు పిరుదులకీ పెద్ద ఇంజక్షన్లు ఇచ్చారు, నాలుగు రోజులు ఐసీయూ. ఇప్పుడు బావుంది, పిల్లాడికి మూడేళ్లు. డిశ్చార్జ్ కాగితంలో పిల్లాడి టీకా తేదీలు అన్నీ ఉన్నాయి, తల్లికి బీపీ ఎప్పుడు చూపించాలో ఎక్కడా లేదు. పుట్టాక అందరం పిల్లాడివైపే చూస్తాం అండి, తల్లిని ఎవరూ చూడరు.

వరంగల్_స్వప్న
చదువుతుంటే చేతులు వణుకుతున్నయ్ అన్నా. డెలివరీ అయినంక కూడా వస్తదని నాకు అస్సలు తెల్వదు.

మంజుల_స్టాఫ్‌నర్స్
చాలామందికి తెలియదు స్వప్నా, బిడ్డ, మాయ బయటికి వచ్చేస్తే ఆ జబ్బు అయిపోయినట్టే అనుకుంటారు. నిజానికి కాన్పు తర్వాత బీపీ ఎక్కువగా పెరిగేది మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య. సరిగ్గా అప్పుడే మన దగ్గర తల్లిని ఇంటికి పంపేసి ఉంటారు. ఆరు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది, గర్భంలో బీపీ లేనివాళ్లకి కూడా. నాని గారు చెప్పిన ఇంజక్షన్ మెగ్నీషియం సల్ఫేట్, ఫిట్స్ ఆగడానికీ రాకుండానూ ఇస్తారు, సుమారు పది వేల మంది గర్భిణుల మీద చేసిన మ్యాగ్‌పై ట్రయల్ 2002లో వచ్చింది, దాంతో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గిందని తేలింది. పీహెచ్‌సీలో కూడా మొదటి డోసు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపొచ్చు. అందుకే దూరం ఉన్నా ముందు దగ్గరున్న పీహెచ్‌సీకి వెళ్లండి, నేరుగా సిటీకి అని టైమ్ పోగొట్టుకోకండి.

మన మధ్య ఎవరైనా బాలింతని చూడ్డానికి వెళితే పిల్ల ఎవరి పోలిక అని అడిగే ముందు నీకు తలనొప్పి ఏమైనా ఉందా, బీపీ చూశారా అని ఒక్కసారి అడగండి.

విజయనగరం_వాణి
ఇంకొకటుంది, అది ఎవరూ చెప్పలేదు. మా తోడికోడలికి కాన్పు అయిన రెండు వారాలకి తలనొప్పి మొదలై రోజురోజుకీ పెరుగుతూ పోయింది, వాంతులు, ఆ తర్వాత కుడిచెయ్యి తిమ్మిరెక్కి గ్లాసు పట్టుకోలేకపోయింది. బీపీ నార్మల్. ఎంఆర్ఐ తీస్తే మెదడులో చెడు రక్తం తీసుకెళ్లే సిరలో గడ్డ. రక్తం పలచబడే ఇంజక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు. డాక్టర్ గారు మొదట అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా, నీళ్లు ఎన్ని ఇస్తున్నారు అని. మా ఇంట్లో బాలింతకి రోజుకి రెండు గ్లాసులు, అదీ కాచి. కాన్పయ్యాక రక్తం మామూలుగానే తొందరగా గడ్డకట్టే గుణంలో ఉంటుందట, దానికి తోడు ఒళ్లు ఎండిపోతే ఇంకా చిక్కన. మన దేశంలో బాలింతల్లో ఇది మొదటి నుంచీ ఎక్కువట, నీళ్లు కట్టేయడం ఒక కారణం అని చెప్పారు.

పద్మజ_రాజమండ్రి
నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారిపోతుంది, ఒళ్లు నీరు పడుతుంది అని మా అత్తగారు అనేవారు, నేనూ కోడళ్లకి అలాగే ఇచ్చాను. ఇప్పుడు ఈ అమ్మాయి రాసింది చదివాక ఆలోచించాల్సిందే. కానీ పత్యం మొత్తం తప్పు అనకండి, వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, శొంఠి, నెయ్యి, వీటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

విజయనగరం_వాణి
లేదు పెద్దమ్మా, మీ కారప్పొడి జోలికి ఎవరూ రారు! కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి, కానీ దాహం వేసినన్ని ఇవ్వండి. పాలిచ్చే తల్లికి ఇంకా ఎక్కువ కావాలి.

సిరి_తెనాలి
పొద్దున వెళ్లొచ్చాను. 146/94. అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 144/92. సాయంత్రం వరకూ ఉంచి మళ్లీ చూశారు, అప్పుడూ అంతే. యూరిన్‌లో ప్రోటీన్ లేదు, రక్త పరీక్షల్లో ప్లేట్‌లెట్లు, లివర్, క్రియాటినిన్ అన్నీ బానే ఉన్నాయి. బిడ్డ ఎదుగుదల స్కాన్ కూడా తీశారు, బావుంది. బీపీ మాత్ర లాబెటలాల్ రాశారు, ఇంట్లో రోజుకి రెండు పూటలా బీపీ చూసి రాసుకోమన్నారు, వారానికోసారి రమ్మన్నారు. తలనొప్పికి పారాసిటమాల్ అవసరమైతే వేసుకోమన్నారు. మా అత్తయ్య గారు డాక్టర్ నోటి నుంచే విన్నారు, మెషీన్ ఆవిడే కొన్నారు. మంజులక్కా, నువ్వు అడక్కపోతే నేను ఆ రెండు వారాలూ మజ్జిగ తాగుతూ కూర్చునేదాన్ని.

మంజుల_స్టాఫ్‌నర్స్
చాలా సంతోషం సిరీ, ప్రోటీన్ లేదంటే మంచి టైమ్‌కి పట్టారు. మాత్ర వేసుకున్నాక నంబరు బావుందని నువ్వే మానేయకు. కాన్పు అయ్యాక కూడా ఆ మెషీన్ పక్కనే ఉంచుకో, ఇప్పుడు బీపీ ఉంది కాబట్టి మొదటి పది రోజులు నీకు ఇంకా ముఖ్యం. బ్లీడింగ్ ఆగడానికి మెథర్జిన్ ఇంజక్షన్ ఇస్తుంటారు, అది బీపీ ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. లేబర్ రూమ్‌లో నీ బీపీ సంగతి ముందే చెప్పు, ఫైల్ మీద పెద్దక్షరాలతో రాయించుకో.

పార్శ్వం_పాతికేళ్లు
సిరీ నీ పార్శ్వపు నొప్పి గురించి కూడా ఒక మాట. నాలుగో నెల నుంచి పోయింది అన్నావు కదా, చాలామందికి అలాగే జరుగుతుంది, ఈస్ట్రోజెన్ నిలకడగా ఉండడం వల్ల. కాన్పు కాగానే ఆ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, నిద్ర ఉండదు, దాంతో మొదటి వారంలోనే తిరిగి వచ్చే అవకాశం ఉంది, నాకు రెండుసార్లూ వచ్చింది. అది పాత నొప్పే కదా అని బీపీ చూడకుండా వదిలేయకు. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకి ప్రీఎక్లాంప్సియా ముప్పు కొంచెం ఎక్కువ అని నా న్యూరాలజిస్ట్ చెప్పారు. పిల్లల కోసం చూస్తున్న వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నొప్పి రాకుండా రోజూ వేసుకునే మాత్రల్లో సోడియం వాల్‌ప్రోయేట్ గానీ టోపిరమేట్ గానీ ఉందేమో చూసుకోండి. అవి బిడ్డకి హాని చేస్తాయి, గర్భం రాకముందే డాక్టర్‌తో మార్పించుకోవాలి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

చిట్టితల్లి_కాకినాడ
పాలిచ్చేటప్పుడు ఏ మాత్ర వేసుకోవచ్చు? పాపకి రెండు నెలలు, రాత్రి మూడుసార్లు లేస్తుంది, పొద్దున్నే తల దిమ్ము. బీపీ చూపించా 110/70.

మంజుల_స్టాఫ్‌నర్స్
పాలిచ్చేటప్పుడు పారాసిటమాల్ వేసుకోవచ్చు, ఇబుప్రొఫెన్ కూడా వేసుకోవచ్చు, కడుపులో అల్సర్, కిడ్నీ సమస్య లేకపోతే. గర్భంలో వద్దన్నది ఇప్పుడు పర్లేదా అని ఆశ్చర్యపోకు, పాలలోకి చాలా తక్కువ వెళుతుంది. నొప్పి మాత్రగా ఆస్ప్రిన్ వద్దు, కొడీన్, ట్రమడాల్ ఉన్నవి వద్దు. కానీ నెలలో పదిహేను రోజులు మాత్ర పడుతోందంటే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది, అది గుర్తుపెట్టుకో. హిమోగ్లోబిన్ చూపించుకున్నావా? దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది, కాన్పులో ఇంకాస్త రక్తం పోతుంది, ఆ తర్వాత ఐరన్ మాత్రలు అందరూ మానేస్తారు. కాన్పయ్యాక కూడా ఆరు నెలలు వేసుకోవాలి.

చిట్టితల్లి_కాకినాడ
మానేశాను అక్కా, మలబద్ధకం అని. రేపు టెస్ట్ చేయించుకుంటా. ఈలోగా జండూ బామ్ రాసుకుంటున్నా

మంజుల_స్టాఫ్‌నర్స్
బామ్ రాసుకుంటే చేతులు సబ్బుతో కడుక్కో, పాప మొహం నీ నుదుటికి తగలనివ్వకు. మెంథాల్, కర్పూరం ఘాటు పసిపిల్లల ఊపిరికి మంచిది కాదు, రొమ్ము దగ్గర అసలు రాయకు.

చందు_నెల్లూరు
చిట్టితల్లి గారూ, మీ ఆయన్ని రాత్రి ఒక వంతు తీసుకోమనండి. మా ఇంట్లో పది నుంచి రెండు వరకు నేను, పాలు పిండి పెట్టి పడుకునేది తను. వరసగా నాలుగు గంటల నిద్ర దొరికాక తన తలనొప్పి ముప్పాతిక వంతు పోయింది, నొక్కడం కూడా తప్పింది. ఇది మగాళ్లు కూడా చదవాలి అందుకే రాస్తున్నా.

కరీంనగర్_రమ్య
డాక్టర్ సార్, మీరు చెప్పిన మాటలే ఫోన్ల చెప్పిన, వెంటనే రమ్మన్నరు. బీపీ 118/76. పాపను మా అమ్మ ఎత్తుకున్నది, నాకు బ్లడ్ ప్యాచ్ చేసిన్రు. రెండు గంటలు పండబెట్టి లేపిన్రు, కూసున్న, ఏం లేదు!! నడుముల కొంచెం పట్టినట్టుంది అంతే.

మత్తుడాక్టర్_కర్నూలు
చాలా బావుంది. రెండు మూడు రోజులు బరువులు ఎత్తకు, ముక్కకు, వంగి బట్టలు ఉతకకు. నడుం పట్టు తగ్గిపోతుంది. తలనొప్పి మళ్లీ వచ్చినా, జ్వరం వచ్చినా, కాళ్లలో తిమ్మిరి వచ్చినా ఫోన్ చెయ్యి.

ఏజెన్సీ_టీచరమ్మ
మాది పాడేరు అవతల చిన్న ఊరు. మెషీన్లు కొనుక్కునేవాళ్లు తక్కువ. మా స్కూల్ ఆయాకి ఎనిమిదో నెల, నిన్నటి నుంచి తల పట్టుకుని కూర్చుంటోంది, మొహం కూడా ఉబ్బినట్టుంది. ఏం చేయమంటారు?

మంజుల_స్టాఫ్‌నర్స్
మొహం ఉబ్బి తలనొప్పి ఉంటే ఈరోజే. ఆశా కార్యకర్తకి గానీ ఊరి నర్సు ఏఎన్ఎంకి గానీ ఫోన్ చేయండి, ఏఎన్ఎం దగ్గర బీపీ మెషీన్ ఉంటుంది, యూరిన్‌లో ప్రోటీన్ చూసే స్ట్రిప్ కూడా. ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో గర్భిణులకి ఉచితంగా డాక్టర్ చెకప్ ఉంటుంది, కానీ ఈమె విషయంలో 9 దాకా ఆగొద్దు. ఏఎన్ఎం దొరక్కపోతే 108కి చేసి ఎనిమిదో నెల, తలనొప్పి, మొహం వాపు అని చెప్పండి.

ఏజెన్సీ_టీచరమ్మ
ఏఎన్ఎం పక్క ఊళ్లోనే ఉంది, మా సారు బండి మీద తీసుకొస్తున్నారు. చూశాక రాస్తాను.